మాకు ఈత ఆదివారమే

మధ్యాహ్నం పన్నెండు నలభైకి పడవ లంగరు వేసింది. దిగమన్నారు. దిగడానికి రేవు లేదు. ఒడ్డు ఇంకా రెండు వందల గజాల అవతల ఉంది. మధ్యలో నీళ్ల కింద పగడపు రాళ్ల గోడ, దాని మీద తెల్లగా విరుగుతున్న నురగ. గోడకు ఒక్కచోట గండి. ఆ గండిలోంచి ఒక రబ్బరు పడవ ఎగిరెగిరి పడుతూ మా వైపు వచ్చింది.

నా దగ్గర కిట్‌బ్యాగు, పరుపుచుట్ట, రైఫిలు, దోమతెర, నెలకు సరిపడా మలేరియా మాత్రలు. అన్నీ ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఒళ్లో పెట్టుకున్నాను. గండి దగ్గర ఒక అల మమ్మల్ని ఎత్తి అవతల పడేసింది. అంతే, నీళ్లు నిమ్మళించాయి. కిందికి చూస్తే అడుగున ఇసుక మీద చేపల నీడలు కదులుతున్నాయి.

ఒడ్డు నెలవంకలా ఉంది. ఈ కొన నుంచి ఆ కొనకు ఎనిమిది వందల ఇరవై అడుగులు. తర్వాత కొలిచాను. ఇసుక బియ్యప్పిండిలా తెల్లన. నీళ్లు దగ్గర్లో ఆకుపచ్చ, దూరంగా నీలం. వెనక కొబ్బరి చెట్లు, మొగలి పొదలు, ఆ వెనక నిలువెత్తు అడవి. మనిషి అలికిడి లేదు. నేను నవ్వాను. అంతకుముందు మూడేళ్లు మంచుకొండల మీద ఉన్నాను. కాలివేళ్లను ఇంకా పూర్తిగా తిమ్మిరి వదల్లేదు. ఇక్కడ పద్నాలుగు నెలలు.

అది అండమాన్ వైపు ఒక చిన్న దీవి. పేరు చెప్పను.

ఇప్పుడు నేను ఖమ్మం మిర్చి యార్డులో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. నాకు ఇద్దరు ముగ్గురు కుర్ర హమాలీలు దోస్తులు. వాళ్లలో ఒకడు ఆ మధ్య ఫోన్‌లో ఇట్లాంటి ఒడ్డు ఫోటో చూపించాడు.

"గిసొంటి జాగల డ్యూటీ చేసినవట గదా అన్నా. ఐష్ చేసినవ్ పో. దాన్ని గూడ ఆర్మీ అంటరా?"

"అంటరు," అన్నాను.

"తుపాకులు పేలినయా మరి?"

"పేలలే."

వాడు పకపక నవ్వాడు. ఇది వాడి కోసం రాస్తున్నాను. వాడిలా అడిగిన ప్రతివాళ్ల కోసం. చర్చిలో సాక్ష్యం చెప్పమని పిలిచి, బీచ్ అని వినగానే "వేరే ఏదన్నా చెప్పు తమ్ముడూ, బార్డర్‌ది" అన్న పాస్టరు గారి కోసం కూడా. నేను బీచ్‌లో డ్యూటీ చేశాను. సిగ్గుపడను. వినండి.

పోస్టులో మేం పదకొండు మందిమి. కమాండర్ సూబేదార్ సాబ్. ఆయనది హిమాచల్. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. మాటలు తక్కువ, మంచివాడు. వంటమనిషి రాజస్థాన్ వాడు, భారీ మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. సైన్యంలోకి వచ్చేదాకా చెరువు కూడా చూడలేదని చెప్పేవాడు. నేను నాయక్‌ని. అంటే సిపాయి కన్నా పైన, హవల్దార్ కింద ఒక మెట్టు. ఇక రేడియో ఆపరేటర్.

మొదటి సాయంత్రం నేను బంకరులో పరుపుచుట్ట విప్పుతుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"అన్నా, నీది ఇల్లందంట గదా?"

తిరిగి చూశాను. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, సన్నగా, నల్లగా, ఇరవై ఐదేళ్ల కుర్రాడు. తెలుగు విని నాకు ఏడాది దాటింది.

"అవ్. నీదేడ?"

"పర్ణశాల అవతల. గోదారి ఒడ్డుమీదనే మా ఇల్లు. గుడికొచ్చేటోళ్ల బస్సులు మా ఇంటి ముంగట్నుంచే పోతయ్."

ఆ రోజు నుంచి వాడు నాకు తమ్ముడు. మిగతావాళ్లతో మా మాటలు హిందీ. మా ఇద్దరికీ మాత్రం మన మాట.

పని చెప్తాను. మా వెనక కొండ మీద ఒక పరిశీలన చౌకీ ఉంది. మట్టిలో దుంగలు పాతి కట్టిన రెండు వందల పన్నెండు మెట్లు. పైన ఇద్దరు, నాలుగు గంటల కాపలా, దుర్భిణితో సముద్రాన్ని చూడాలి. వచ్చే పడవ, పోయే పడవ, ఏ దిక్కు, ఏ టైము, అన్నీ రాయాలి. పొద్దున ఐదింటికి అందరం ఆయుధాలతో సిద్ధం. ఐదూ నలభైకి రైఫిళ్లు తుడవడం. ఆ ఉప్పుగాలికి సాయంత్రం తుడిచిన ఇనుము తెల్లారేసరికి ఎర్రబడేది. తోలు బూజు పట్టేది. ఇసుకలో కంటికి కనపడని ఈగలుండేవి. కుడితే వారం రోజులు పుండు. వానాకాలంలో ఇరవై రెండు రోజులు ఎండ చూడలేదు. బట్టలు పొయ్యి మీద ఆరబెట్టుకున్నాం.

అయినా ఆ ఒడ్డు అందమైనదే. కాదనను. వానలు లేని నెలల్లో వారానికి రెండుసార్లు టూరిస్టుల పడవ వచ్చేది. ఎనిమిది మందో పది మందో దిగేవాళ్లు. గోడకు ఇవతల, నీళ్లు నిమ్మళంగా ఉన్నచోట రెండు గంటలు ఈత కొట్టేవాళ్లు. పోతూ పోతూ మాకు చెయ్యి ఊపేవాళ్లు. "లక్కీ పీపుల్" అని అరిచేవాళ్లు.

మాకు మాత్రం ఈత ఆదివారమే. అది సూబేదార్ సాబ్ ఆర్డరు, గోడకు అతికించి ఉండేది. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు. నలుగురు నలుగురుగా. ఒకడు రాయి మీద రైఫిలుతో నిలబడి మొసళ్ల కోసం చూడాలి. అటవీశాఖ వాళ్ల బోర్డు ఉంది, మొసళ్లున్నాయని. మిగతా ఆరు రోజులూ మోకాలు దాటి నీళ్లలోకి దిగితే శిక్ష. ఎవరూ దిగలేదు.

నాకు ఈత బాగా వచ్చు. ఇల్లందులో బొగ్గు తవ్వి వదిలేసిన గుంతల్లో వాననీళ్లు నిలిచేవి. మా నాయన గనిలో ఫస్ట్ షిఫ్టుకు పోగానే మేం ఆ గుంతల్లో దూకేవాళ్లం. ఆయనకు తెలిసి బెల్టు తీసేదాకా రోజూ అదే పని. మరి గోదారి ఒడ్డున పుట్టిన ఆపరేటర్‌కు ఈత రాదు. ఆదివారం వాడు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఒక దుంగ మీద కూర్చుని మా బట్టలకు కాపలా కాసేవాడు.

"రా తమ్మీ, నేర్పుత. పది రోజుల్ల చేపోలె ఈదుతవ్."

"వద్దన్నా. మా అమ్మకు మాటిచ్చిన."

"ఏం మాట?"

"మా చిన్నమామ వరదల పోయిండు, గోదాట్ల. నేను పుట్టకముందు. మా అమ్మ నాతోటి ఒట్టేయించుకున్నది, మోకాలు దాటి నీళ్లల్ల దిగనని. ఇంటి ముంగట్నే నది, ఒక్కనాడు గూడ దిగలే. నా సోపతిగాళ్లందరు నవ్వేటోళ్లు."

"మరి నిన్ను తీస్కొచ్చి సముద్రంల పడేసిన్రు గదరా."

"సముద్రం గురించి ఒట్టేస్కోలే అని మా అమ్మకు చెప్పిన ఫోన్ల. గట్ల తిక్క మాటలు మాట్లాడితే తంత అన్నది," అని నవ్వాడు.

ఈ సంగతి పోస్టులో అందరికీ తెలుసు. పదకొండు మందికీ తెలుసు. గుర్తు పెట్టుకోండి.

వాడు రేడియోలో మాట్లాడే తీరు వేరుగా ఉండేది. రేడియోలో మా పోస్టు పేరు డెల్టా. హెడ్‌క్వార్టర్స్‌కు ఇచ్చే రిపోర్టు చివర ఏదో ఒకటి కలపకుండా ఉండలేడు.

"డెల్టా, నీ పరిస్థితి చెప్పు. ఓవర్."

"డెల్టా అంతా క్షేమం. వాన తగ్గింది. ఒక తాబేలు గుడ్లు పెట్టి పోయింది. ఓవర్."

"తాబేలు సంగతి అడగలేదు డెల్టా. అవుట్."

తొమ్మిదో నెల. బుధవారం. వాన వెలిసి నాలుగు రోజులైంది. ఆకాశం కడిగినట్టుంది. మా రెండు రేడియో సెట్లలో ఒకటి పాడైంది. పదిహేను రోజులకోసారి సరుకుల పడవ వస్తుంది, గోడకు అవతలే ఆగుతుంది. ఆ రోజు అది రావాలి. పొద్దున ఎనిమిదీ నలభైకి హెడ్‌క్వార్టర్స్ నుంచి ఆర్డరు వచ్చింది. నేను పక్కనే ఉండి విన్నాను.

"డెల్టా, పాడైన సెట్ ఇవాళ్టి పడవలో పంపండి. ఆపరేటర్ స్వయంగా అప్పగించాలి. సెట్ తడవకూడదు. ఓవర్."

"అర్థమైంది. సెట్ తడవదు. ఆపరేటర్ తడిస్తే ఫర్వాలేదా? ఓవర్."

"జోకులొద్దు డెల్టా. అవుట్."

ఆ మాటలు వాడు లాగ్‌బుక్కులో ఎక్కించాడు. జోకు తప్ప. కింద "09.10, సెట్‌తో బయలుదేరుతున్నాను" అని రాసి సంతకం పెట్టాడు. చక్కటి చేతిరాత.

లైఫ్ జాకెట్ల సంగతి ఇప్పుడు చెప్పాలి. మా పోస్టు లెక్కలో రెండున్నాయి. ఒకదాని పట్టీలు ఉప్పుకు చీకి తెగిపోయాయి. కొత్తవి పంపమని సూబేదార్ సాబ్ మూడుసార్లు రాశారు. మూడు కాగితాలూ నేనే టైపు చేశాను. రాలేదు. అంటే పనికొచ్చేది ఒక్కటి. పోవలసింది వంటమనిషి, ఆపరేటర్. రబ్బరు పడవ నడిపేవాడు సరుకుల పడవ తాలూకు మనిషి, అతని జాకెట్ అతనికుంది.

ఆపరేటర్ ఆ ఒక్క జాకెట్‌ను సెట్‌కు చుట్టాడు. సెట్‌ను ప్లాస్టిక్‌లో పెట్టి, దాని చుట్టూ జాకెట్ వేసి, పట్టీలు బిగించాడు.

"అదేందిరా?" అన్నాను.

"సెట్ తడవొద్దన్నరు గదన్నా. నీళ్లల్ల పడ్డా తేల్తది."

"మరి నువ్వు?"

"నేను సెట్టును పట్టుకుంట. ఐదు నిమిషాలు గదనే."

నేను ఇంకేమన్నా అనవలసింది. అనలేదు. నా కాపలా తొమ్మిదిన్నరకు, మెట్లెక్కాలి. పడవ వచ్చినప్పుడల్లా దాటే గండే అది. నేను కొండ వైపు నడిచాను.

పైకి చేరి దుర్భిణి కళ్లకు పెట్టుకున్నాను. టైము తొమ్మిదీ ఇరవై ఏడు. రబ్బరు పడవ గండి దగ్గర ఉంది. తుఫాను లేదు. గాలి లేదు. ఎక్కడో దూరంగా పుట్టిన అలలు, ఒకటి, రెండు, మూడు, నున్నగా, నూనె పూసినట్టు వస్తున్నాయి. మొదటి దాన్ని ఎక్కారు. రెండోది వాళ్లకు అడ్డంగా తగిలింది. పడవ తిరగబడింది. అంత దూరం నుంచి చప్పుడే లేదు. ఎవరో చెయ్యి తిప్పినట్టు తిరగబడింది.

నాతో ఉన్న సిపాయికి దుర్భిణి ఇచ్చి పరిగెత్తాను. రెండు వందల పన్నెండు మెట్లు. ఎన్ని దూకానో తెలియదు. ఒడ్డున బూట్లు పీకి పారేశాను. ఈదాను. బతుకులో ఎప్పుడూ అంత ఈదలేదు. గండి దగ్గరకు పోయేసరికి నడిపేవాడు తిరగబడ్డ పడవ మీద బోర్లా పడి ఉన్నాడు. వంటమనిషి జాకెట్ చుట్టిన సెట్‌ను రెండు చేతులా కౌగిలించుకుని తేలుతున్నాడు. కళ్లు మూసుకుని దేవుణ్ణి పిలుస్తున్నాడు.

"ఆపరేటర్ ఏడి?" అని అరిచాను.

అతను కళ్లు తెరవకుండానే అన్నాడు. "నాకిచ్చాడు. సెట్ నా చేతిలో పెట్టాడు. నువ్వు పట్టుకో దాదా అన్నాడు."

ఐదుసార్లు మునిగాను. నీళ్లు తేటగా ఉన్నాయి, పగడాలన్నీ కనిపిస్తున్నాయి. వాడు కనిపించలేదు. ఆరోసారి మునుగుతుంటే వెనక నుంచి మావాళ్లు పట్టి లాగారు. నా అరికాళ్లు చీలి ఎముక కనపడుతోందట. నాకు తెలియదు. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. చూస్తానంటే చెప్పులు విప్పుతాను.

మూడో రోజు పొద్దున ఆరూ పదికి వాడు దొరికాడు. ఉత్తరపు కొనన, రాళ్ల దగ్గర, తెల్లటి ఇసుక మీద. పూర్తి యూనిఫాంలో ఉన్నాడు. బెల్టు ఉంది. బూట్లున్నాయి. లేసులు రెండు ముళ్లు వేసి ఉన్నాయి. ముళ్లు సూబేదార్ సాబ్ స్వయంగా విప్పారు. విప్పడానికి చాలాసేపు పట్టింది.

వాణ్ణి పడవలో పంపించాం. గండి దాటేదాకా అందరం సెల్యూట్‌లో నిలబడ్డాం.

ఆ తర్వాతి రోజు ఒక మేజర్ సాబ్ వచ్చారు. చౌకీ కింద టేబుల్ వేశారు. ఒక్కొక్కర్నీ పిలిచారు. నా వంతు పదకొండూ ఐదుకు వచ్చింది. కుంటుకుంటూ పోయాను. నా వాంగ్మూలం అప్పటికే టైపు చేసి ఉంది. చదివాను. ఆపరేటర్ అనుమతి లేకుండా ఈతకు దిగి, నిర్లక్ష్యం వల్ల మునిగి చనిపోయాడు. అదీ కాగితం.

"ఇది నేను చెప్పలేదు సాబ్," అన్నాను.

"చెప్పనక్కరలేదు. అందరూ సంతకం పెట్టారు. నీదొక్కటే మిగిలింది."

కిందికి చూశాను. సూబేదార్ సాబ్ సంతకం ఉంది. వంటమనిషి సంతకం ఉంది.

ఎందుకు ఇలా అని మీరు అడగొచ్చు. జాకెట్లు లేకుండా మనుషుల్ని సముద్రంలోకి ఎవరు పంపారు అనే ప్రశ్న వస్తుంది కాబట్టి. మూడు కాగితాలు ఎవరి బల్ల మీద ఆగాయి అనే ప్రశ్న వస్తుంది కాబట్టి. ఈతకు పోయి చచ్చాడంటే ఏ ప్రశ్నా రాదు. ఆ ఒడ్డు ఫోటో ఒకటి ఫైలుకు జత చేస్తే చాలు. అంత అందమైన నీళ్లు చూసి కుర్రాడు ఆగలేకపోయాడు అంటే ఎవరైనా నమ్ముతారు. మీరూ నమ్మేవాళ్లు.

నాకు వచ్చిన హిందీ ఇల్లందు హిందీ. దాంతోనే చెప్పాను. ఇక్కడ మన మాటలో రాస్తున్నాను.

"ఆ రోజు బుధవారం సాబ్. మాకు ఈత ఆదివారమే. గోడకు ఆర్డరున్నది, సూడుండ్రి."

"అందుకే అనుమతి లేకుండా అని రాశాం."

"ఈతకు పోయేటోడు బూట్లేస్కుంటడా సాబ్? లేసులకు రెండు ముళ్లేస్కుంటడా? సెట్టు పట్టుకొని పోతడా? లాగ్‌బుక్కుల టైమ్ రాసి సంతకం పెట్టి పోతడా?"

ఆయన పెన్ను మూత పెట్టారు. చిన్న గొంతుతో మాట్లాడారు.

"నాయక్, నువ్వు కాపలా వదిలి పరిగెత్తావు. చౌకీలో ఇద్దరుండాలి, ఒక్కణ్ణే వదిలేశావు. ఇప్పటిదాకా నేనది రాయలేదు. వచ్చే నెల హవల్దార్ కోర్సుకు పోయేవాళ్లలో నీ పేరుంది. తెలుసు కదా?"

"తెల్సు సాబ్."

"అయితే?"

"కాపలా వదిలిన. రాసుకోండ్రి. మళ్లా గట్లైతే మళ్లా వదుల్త. ఇది మాత్రం సంతకం పెట్ట."

ఆయన కాగితం ఫైల్లో పెట్టుకున్నారు. "పో," అన్నారు. సెల్యూట్ కొట్టి బయటికొచ్చాను.

మా వంటపాక వెనక వంటమనిషి కూర్చుని ఉన్నాడు. ఉల్లిపాయలు తరుగుతున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

"నాకు ముగ్గురు పిల్లలు," అన్నాడు.

"వాడు నీకు సెట్టిచ్చిండు," అన్నాను. మిగిలిన ఐదు నెలలూ అతను వండింది తిన్నాను. మాట్లాడలేదు.

హవల్దార్ కోర్సు జాబితాలోంచి నా పేరు పోయింది. కాపలా వదిలినందుకు, కాళ్లు మానాక, ఏడు రోజులు శిక్ష పడింది. వీపున ఇసుకమూట, ఎండలో పరుగు, అదే ఒడ్డు మీద. పరిగెత్తాను. ఎనిమిది వందల ఇరవై అడుగులు, ఇటు, అటు. అప్పుడే కొలిచాను ఆ ఒడ్డును. నాయక్‌గా వెళ్లాను, నాయక్‌గానే రిటైరయ్యాను. మా బంధువుల్లో కొందరు నా భుజం మీది చారలు లెక్కపెట్టి పెదవి విరుస్తారు. విరవనివ్వండి.

పద్నాలుగు నెలలు పూర్తయ్యాక సెలవు ఇచ్చారు. ఓడలో మూడు రోజులు, రైల్లో ఒక రాత్రి. ఖమ్మంలో దిగి ఇంటికి పోలేదు. నేరుగా భద్రాచలం బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో పర్ణశాల దాటి వాళ్ల ఊరు. మిర్చి కోతల కాలం. వాళ్ల అమ్మ కల్లంలో ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎండుమిరపకాయల్ని కాళ్లతో తిరగేస్తోంది. ఘాటుకు నాకు కళ్లమ్మట నీళ్లు కారాయి. అది ఘాటు వల్లే అని మొదట అనుకున్నాను.

"అమ్మా, నేను నీ కొడుకుతోటి పన్జేసిన. ఇల్లందోన్ని."

ఆమె గుడ్డ విప్పింది. నన్ను కిందికీ మీదికీ చూసింది.

"నువ్వేనా, ఈత నేర్పుత అన్నోనివి? ఫోన్ల చెప్పేటోడు."

"నేనేనమ్మా."

"రా. కూసో."

లోపలికి పోయి ట్రంకుపెట్టెలోంచి ఒక కవరు తెచ్చింది. అదే మాట, ఇంగ్లీషులో. ఈతకు దిగి, నిర్లక్ష్యం. కాగితం ముట్టినట్టు సంతకం పెట్టమని ఇంకో కాగితం. దాని మీద సంతకం చోటు ఖాళీగా ఉంది.

"మూడుసార్లు వచ్చిండ్రు సంతకానికి. నేను పెట్టలే. నా కొడుకు నీళ్లల్ల దిగడు అని చెప్పిన. తల్లివి గదా, నీకట్లనే అనిపిస్తది అన్నరు. అనిపిచ్చుడేంది? ఇరవై ఐదేండ్లు నా కండ్ల ముంగట పెరిగినోడు. మోకాలు దాటి దిగనోడు. పెట్ట సంతకం, ఏం జేస్కుంటరో చేస్కోండ్రన్న."

అక్కడ నేను, ఇక్కడ ఈమె. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

"నేను గూడ పెట్టలేదమ్మా," అన్నాను.

అప్పుడు అంతా చెప్పాను. బుధవారం, సెట్టు, జాకెట్టు, గండి, బూట్లు. ఏదీ దాచలేదు. ఆమె ఏడవకుండా విన్నది. వంటమనిషికి సెట్టు అందించిన చోట మాత్రం చెయ్యి ఎత్తి ఆపమన్నది. కొంచెంసేపయ్యాక చెప్పమన్నది. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

"నేను ఒట్టేయించుకోకపోతే... నీతాన ఈత నేర్చుకుంటుండె గదా బిడ్డా. బతుకుతుండెనా?"

దారి పొడుగునా నేను భయపడ్డది ఈ ప్రశ్నకే.

"తక్కువైంది ఈత కాదమ్మా. జాకెట్టు. అది నీ ఒట్టుతోటి పోలే, వాళ్ల బల్ల మీద ఆగింది."

ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం నిజమే చెప్పాను.

మర్నాడు ఇద్దరం ఖమ్మం పోయి, రిటైరైన ఒక క్లర్కు సాయంతో అర్జీ రాయించాం. మళ్లీ విచారణ చేయమని. నేను నా పేరు, నంబరు, ర్యాంకు వేసి వాంగ్మూలం జత చేశాను. ఉద్యోగంలో ఉంటూ అలా రాయడం ఏమిటో ఆ క్లర్కుకు తెలుసు. "ఆలోచించినవా?" అన్నాడు. ఆలోచించానన్నాను. ఆరు నెలలకు జవాబు లేదు. ఇంకొకటి రాశాం. నేను సెలవుకొచ్చినప్పుడల్లా ఇంకోటి. ఆమె ప్రతిసారీ బస్సులో వచ్చేది, సంచిలో కాగితాలు, మధ్యాహ్నానికి కట్టుకున్న సద్ది. ఒక్కసారి కూడా ఇక చాలు బిడ్డా అనలేదు.

రెండేళ్లకు మళ్లీ విచారణ పెట్టారు. నన్ను పిలిచారు. ఈసారి విన్న కల్నల్ సాబ్ నా ముందు ఏ టైపు చేసిన కాగితమూ పెట్టలేదు. చెప్పమన్నారు, విన్నారు. లాగ్‌బుక్ తెప్పించారు. బయటికొస్తే వరండాలో వంటమనిషి నిలబడి ఉన్నాడు. అప్పటికి అతను రిటైరైపోయాడు. రాజస్థాన్ నుంచి సొంతంగా వచ్చాడు, ఎవరూ పిలవకపోయినా.

"నేను చెప్పేశాను," అన్నాడు. "సెట్ అతను నాకు ఇచ్చాడని చెప్పేశాను. సూబేదార్ సాబ్ కూడా ఉత్తరం రాసి పంపారు. జాకెట్ల కోసం రాసిన ఇండెంటు కాపీలు మూడూ ఆయన దగ్గరే ఉన్నాయట, పారేయలేదట."

అతన్ని కౌగిలించుకున్నాను. ఇద్దరం అక్కడే మెట్ల మీద కూర్చుని టీ తాగాం.

కొత్త కాగితం వచ్చిన రోజు నేను సెలవులో ఉన్నాను. ఆమె ఫోన్ చేయించింది, పోయాను. విధి నిర్వహణలో మరణం. తెలుగులో చెప్పమంది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. మళ్లీ చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకోలేదు.

"ఈ ముచ్చట నాకు మొదటి దినమే తెల్సు," అంది. "వాళ్లకు తెలిసేతందుకు గిన్ని దినాలు పట్టింది." తర్వాత సంతకం పెట్టింది. నాలుగు అక్షరాలు, ఒక్కొక్కటి నొక్కి నొక్కి.

అదీ నా బీచ్ డ్యూటీ.

ఒక్కటి మాత్రం నన్ను వదలడం లేదు. మేజర్ సాబ్ వెళ్లిపోయిన మర్నాడు టూరిస్టుల పడవ వచ్చింది. వాళ్లకేమీ తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఒక కుటుంబం దిగింది. భార్యాభర్తలు, ఒక ముసలామె, ఇద్దరు ఆడపిల్లలు. గంటసేపు నీళ్లలో ఆడారు. పోయే ముందు ఆయన నా దగ్గరికి వచ్చి ఫోన్ చేతికిచ్చాడు. అందరం కలిసి ఒక ఫోటో కావాలి జవాన్ సాబ్, అన్నాడు. ఉత్తరపు కొన బాగుందని వాళ్లే పోయి అక్కడ నిలబడ్డారు. రాళ్ల ముందు, ఆ ఇసుక మీద. పిల్లలు చేతులు చాపారు. ముసలామె కొంగు సర్దుకుంది.

అక్కడొద్దు, ఇటు రండి అని ఒక్క మాట అనొచ్చు. అనలేకపోయాను. కాళ్ల కట్లలోంచి నెత్తురు కారి ఇసుకకు అంటుతోంది. ఫోన్ ఎత్తాను. చిన్న చదరంలో ఐదుగురు మనుషులు, తెల్లటి ఇసుక, వెనక ఆకుపచ్చగా కదలని నీళ్లు.

"నవ్వండి," అన్నాను.

నవ్వారు.